బడి ఆరేళ్లు, భవనం వందేళ్లు
(ఆర్కిటెక్చర్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

ముందు ఒక ఫొటో చూపిస్తాను. దీన్ని మీరంతా ఇదివరకే చూసి ఉంటారు, ఫస్టియర్‌లోనే చూపిస్తారు కదా. మూడంతస్తుల అద్దాల గోడ, మూలలో పిల్లర్ లేదు, పక్కగోడ మీద పైనుంచి కిందికి నిలువుగా పెద్ద అక్షరాల్లో ‘బౌహౌస్’ అని పేరు. బౌహౌస్ అనే కళల, డిజైన్ కళాశాల కోసం కట్టింది. జర్మనీలో డెసౌ అనే ఊళ్లో ఉంది. ఇప్పుడు చెప్పండి, ఈ అద్దాల గోడ ఏ సంవత్సరంలో కట్టినది?

(సభ నుంచి: 1926)

ఇంకెవరైనా? అందరిదీ అదే మాటా? నేనూ మీ వయసులో అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. భవనం 1926లోదే, అందులో తప్పులేదు. ఈ ఫొటోలో కనబడుతున్న గోడ మాత్రం 1976లో బిగించింది. మొదటిది స్టీలు ఫ్రేము, ఇది అల్యూమినియం. బిగించింది తూర్పు జర్మనీ ప్రభుత్వం. అంతకు పాతికేళ్ల ముందు ఇదే బౌహౌస్‌ను నానా మాటలూ అన్న ప్రభుత్వం! (నవ్వులు) మధ్యలో ముప్పై ఏళ్లు అక్కడ ఇటుక గోడ ఉంది, మామూలు కిటికీలు పెట్టిన మామూలు ఇటుక గోడ. ఆ ఫొటో మన పుస్తకాల్లో వేయరు.

అందుకే ఈరోజు బౌహౌస్ గొప్పతనం గురించి మాట్లాడను. దానికి వేరేవాళ్లు ఉన్నారు. పాత కట్టడాలు బాగుచేయడం నా పని కాబట్టి నాకు ఆ భవనం కథ కావాలి. ఆ కళాశాల ఆ భవనంలో ఉన్నది ఆరేళ్లు కూడా నిండలేదు. 1926 డిసెంబర్ 4న ప్రారంభోత్సవం, 1932 సెప్టెంబర్ ఆఖరుకు ఖాళీ. అద్దెకున్నవాళ్లు కూడా కొందరు అంతకన్నా ఎక్కువ కాలం ఉంటారు. మిగిలిన ఏళ్లన్నీ ఆ గోడల మధ్య ఎవరున్నారు, ఏం చేశారు, దాన్ని ఎందుకు కూల్చలేదు? నాకు ఆసక్తి అక్కడ.

అసలు డెసౌకు ఎందుకొచ్చారో ముందు చెప్పాలి. బౌహౌస్ పుట్టింది వైమార్‌లో, 1919లో. అక్కడ అప్పటికే ఉన్న ఒక కళాశాలనూ ఒక చేతిపనుల పాఠశాలనూ కలిపి వాల్టర్ గ్రోపియస్ అనే వాస్తుశిల్పి మొదలుపెట్టాడు. మన దేశానికి దాంతో సంబంధం కూడా ఆ వైమార్ రోజుల్లోదే. 1922 డిసెంబర్‌లో కలకత్తాలో పాల్ క్లే, కాండిన్‌స్కీ లాంటి బౌహౌస్ గురువుల బొమ్మలు ప్రదర్శనకు పెట్టారు. స్టెల్లా క్రామ్రిష్ అనే కళాచరిత్రకారిణి చొరవతో వచ్చాయి. అబనీంద్రనాథ్, గగనేంద్రనాథ్ ఠాగూర్ల బొమ్మలు కూడా అక్కడే ఉన్నాయి. అంటే డెసౌ భవనానికి పునాది తీయకముందే కలకత్తా వాళ్లు బౌహౌస్‌ను చూసేశారన్నమాట.

వైమార్‌లో 1924లో రాష్ట్ర ప్రభుత్వం మారింది. కొత్తగా వచ్చిన మితవాద (రైట్ వింగ్) పార్టీలవాళ్లకు ఈ కళాశాల నచ్చలేదు. మూసేయమని అనలేదు, డబ్బు సగానికి సగం కోశారు. ఈ పద్ధతి మనకు కొత్త కాదు కదా. గురువులంతా కలిసి మేమే మూసుకుంటున్నామని ప్రకటించారు. అప్పుడు కొన్ని ఊళ్లు మా దగ్గరికి రండి అని పిలిచాయి. అందులో డెసౌ ఒకటి. ఆ ఊరి మేయర్ ఫ్రిట్స్ హెస్సె. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ మళ్లీ వస్తాడు. ఊళ్లో యుంకర్స్ వారి విమానాల ఫ్యాక్టరీ ఉంది, పనివాళ్లు పెరుగుతున్నారు, ఇళ్లు చాలడం లేదు. హెస్సె లెక్క ఏమిటంటే, ఈ కళాశాల వస్తే ఊరికి పేరు వస్తుంది, ఇళ్లు కట్టే పనికీ పనికొస్తుంది. 1925లో బౌహౌస్ డెసౌకు మారింది. భవనానికి డబ్బు ఊరి మునిసిపాలిటీదే. అది రాష్ట్రం కట్టింది కాదు, దాతలు కట్టింది కాదు, మునిసిపాలిటీ సొమ్ము. తర్వాత జరిగిన మంచికీ చెడుకీ మూలం అదే.

1925 చివర్లో పని మొదలు, 1926 డిసెంబర్‌కు గృహప్రవేశం. ఏడాది మీద కొన్ని నెలలు, అంతే. ప్రారంభోత్సవానికి వెయ్యి మంది పైగా వచ్చారు. గ్రోపియస్ పేరే అందరికీ తెలుసు గానీ ఆయన ఆఫీసులో కార్ల్ ఫీగర్, ఎర్నెస్ట్ నోయ్‌ఫర్ట్ లాంటివాళ్లు డ్రాయింగుల మీద కూర్చుని పనిచేశారు. నోయ్‌ఫర్ట్ అంటే మీ టేబుళ్ల మీద ఉండే ఆ లావుపాటి కొలతల పుస్తకం ఆయనే. (నవ్వులు)

ఇక ప్లాన్ చూడండి. ఈ భవనానికి ముఖం లేదు. మన పాత కాలేజీలైనా, కలెక్టరాఫీసులైనా ఎదురుగా నిలబడితే మధ్యలో పోర్టికో, అటొక రెక్క ఇటొక రెక్క, కొలిచినట్టు ఉంటాయి. ఇక్కడ ఎక్కడ నిలబడినా సగమే కనబడుతుంది. చుట్టూ తిరగాలి, గుడికి ప్రదక్షిణం చేసినట్టు. ఒక రెక్కలో వర్క్‌షాపులు, అద్దాల గోడ ఉన్నది దానికే. ఇంకో రెక్క అసలు బౌహౌస్‌ది కాదు, ఊరి వృత్తివిద్యా పాఠశాలది. ఈ రెండింటి మధ్య రోడ్డు వెళ్తుంది. రోడ్డు మీదుగా రెండంతస్తుల వంతెనలాంటి భాగం, అందులో ఆఫీసులు, గ్రోపియస్ గది, తర్వాత ఆర్కిటెక్చర్ విభాగం. మూడోవైపు అయిదంతస్తుల హాస్టలు. హాస్టల్‌కూ వర్క్‌షాపులకూ మధ్య ఒక్క అంతస్తే ఎత్తున్న భాగంలో సభామందిరం, స్టేజి, క్యాంటీన్ వరసగా ఉంటాయి. స్టేజికి రెండువైపులా తెరవచ్చు. తెరిస్తే క్యాంటీన్‌లో కూర్చుని తింటూ నాటకం చూడొచ్చు. పని, తిండి, ఆట, నిద్ర అన్నీ ఒకే కప్పు కింద, చెప్పులు మార్చకుండా తిరగొచ్చు.

ఇప్పుడు గోడ సంగతి. బరువంతా లోపలి పిల్లర్లూ శ్లాబులూ మోస్తాయి. పిల్లర్లు అంచుకు రాకుండా లోపలికి జరిగి ఉంటాయి. శ్లాబు అంచుకు స్టీలు ఫ్రేము తగిలించి అందులో గాజు పలకలు బిగించారు. పరదాలాగా వేలాడుతుంది. కర్టెన్ వాల్ అనే మాట మీరు రోజూ వాడేదే కదా. కింద సగం భూమిలోకి దిగిన అంతస్తు కాస్త లోపలికి తగ్గి, ముదురు రంగులో ఉంటుంది. దాంతో పైన అద్దాల పెట్టె గాల్లో తేలుతున్నట్టు కనబడుతుంది. కిటికీలు తెరవడానికి చక్రం తిప్పితే గొలుసు లాగి వరస మొత్తం ఒకేసారి తెరుచుకుంటుంది. ఫ్యాక్టరీలో వాడే పద్ధతే తెచ్చి కళాశాలలో పెట్టారు. దాన్ని దాచలేదు కూడా. మెట్ల దగ్గర చలికి వేడినిచ్చే రేడియేటర్‌ను సైతం పటం కట్టినట్టు గోడకు తగిలించారు.

బాగుంది. మరి లోపల పనిచేసేవాళ్లకు? ఒకే పొర గాజు. చలికాలం గడ్డకట్టేవాళ్లు, ఎండాకాలం ఉడికిపోయేవాళ్లు. జర్మనీలోనే ఆ గతి. మన దగ్గర హైటెక్ సిటీలో పడమర ముఖాన అద్దాలు పెట్టి, లోపల ఏసీ వేసి, ఎండ పడుతోందని మళ్లీ బ్లైండ్లు దించి, చీకటిగా ఉందని లైట్లు వేసుకుంటున్నాం కదా, ఆ వంశవృక్షంలో పెద్దతాత ఇదే. తాతకు అప్పట్లో చాలా గౌరవం. మనవళ్ల కరెంటు బిల్లు గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఇంకొకటి, పైకప్పు. ఇది మనకు వింతగా ఉంటుంది. ఈ భవనానికి డాబా ఉంది, చదునుగా. విద్యార్థులు దాని మీద కసరత్తులు చేసేవాళ్లు. మన ఊళ్లలో డాబా అంటే వడియాలు పెట్టుకునే చోటు, వేసవి రాత్రి పడుకునే చోటు. దాని గురించి పార్టీలు కొట్టుకుంటాయని ఊహించగలమా? జర్మనీలో కొట్టుకున్నాయి. వాలు పైకప్పు ఉంటేనే జర్మన్ ఇల్లు, చదును కప్పు పరాయిది, తూర్పుదేశాల వాళ్లది అనే వాదం 1920లలో గట్టిగా నడిచింది. అంటే మన డాబాను చూపించి వాళ్లు తిట్టుకున్నారన్నమాట. నాజీలు ఈ భవనాన్ని అంతగా అసహ్యించుకోవడానికి ఉన్న కారణాల్లో ఈ కప్పు కూడా ఒకటి.

లోపల సామాను చాలావరకు వాళ్ల వర్క్‌షాపుల్లోనే తయారైంది. సభామందిరంలో స్టీలు గొట్టాల కుర్చీలు మార్సెల్ బ్రోయర్‌వి. గోడలకు ఏ రంగు ఎక్కడ అన్నది హిన్నెర్క్ షెపర్ పని. బీముకు ఒక రంగు, దాని మధ్య కప్పుకు ఒక రంగు, మోసే భాగమేదో మోయని భాగమేదో రంగు చూస్తే తెలియాలని. నలుపు తెలుపు ఫొటోలు చూసీ చూసీ మనం ఈ భవనం తెల్లటిదని అనుకుంటున్నాం. లోపల ఎరుపూ పసుపూ నీలమూ ఉన్నాయి. బయట పేరు రాసింది హెర్బర్ట్ బేయర్. నేత విభాగం గుంటా ష్టోల్ట్‌సల్ నడిపింది. ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. ఆడవాళ్లకు తలుపులు తెరిచామని ఘనంగా చెప్పుకున్న కళాశాల, వచ్చిన ఆడపిల్లల్లో ఎక్కువమందిని నేతలోకే తోసింది. మారియాన్ బ్రాండ్ట్ లాంటి ఒకరిద్దరు పట్టుబట్టి లోహం పనిలోకి వెళ్లారు. అదే నేత చివరికి అక్కడి బలమైన విభాగాల్లో ఒకటైంది, అది వేరే సంగతి. ఇక బౌహౌస్ సరుకుల్లో బాగా అమ్ముడుపోయింది ఏమిటో తెలుసా? కుర్చీ కాదు, దీపం కాదు, గోడకు అంటించే వాల్‌పేపరు. 1929లో రాష్ అనే కంపెనీతో కలిసి తెచ్చారు.

హాస్టల్‌ను ప్రెల్లర్‌హౌస్ అనేవాళ్లు. 28 గదులు. చాలా గదులకు ఒక బుల్లి బాల్కనీ, మనిషి నిలబడితే చాలు నిండిపోతుంది. అంతస్తుకు ఒక చిన్న వంటగది. ఆ బాల్కనీల మీద నుంచి ఒకళ్లనొకళ్లు కేకేసుకునేవాళ్లు. పండగలు కూడా ఘనంగా చేసేవాళ్లు. 1929 ఫిబ్రవరిలో లోహాల పండగ అని ఒకటి చేశారు. అందరూ రేకులూ వెండికాగితాలూ తగిలించుకుని రావాలి. లోపలికి రావడానికి జారుడుబల్ల పెట్టారు. పెద్దపెద్ద మనుషులు కూడా జారి రావలసిందే! ప్రొఫెసర్లు జారుతుంటే మీరు చూసి ఉంటారా ఎప్పుడైనా? (నవ్వులు) మీ హెచ్‌ఓడీ గారి వైపు చూడకండి.

డైరెక్టర్ల సంగతి త్వరగా దాటేస్తాను. గ్రోపియస్ 1928లో వెళ్లిపోయాడు. హానెస్ మేయర్ వచ్చాడు, కమ్యూనిస్టు భావాలు ఎక్కువయ్యాయని 1930లో తీసేశారు. తీసేసింది మన హెస్సే. తర్వాత మీస్ వాన్ డెర్ రోహె.

1931 అక్టోబర్‌లో డెసౌలో మునిసిపల్ ఎన్నికలు. నాజీ పార్టీ ప్రచారంలో ముందువరసలో ఉన్న హామీ ఏమిటంటే, బౌహౌస్‌కు డబ్బు ఆపేస్తాం, భవనాన్ని కూల్చేస్తాం. గెలిచారు. 1932 జులైలో పాల్ షుల్ట్సె నౌంబుర్గ్ అనే వాస్తుశిల్పిని తీసుకొచ్చి భవనమంతా తిప్పి చూపించారు. వాలు పైకప్పు వర్గానికి ఆయన పెద్దన్న. ఆయన ఏం చెబుతాడో ముందే తెలుసు కాబట్టే పిలిచారు. ఆగస్టు 22న కౌన్సిల్‌లో ఓటింగ్. మూసేయడానికి అనుకూలంగా 20, వ్యతిరేకంగా 5. ఆ అయిదుగురిలో కమ్యూనిస్టులు నలుగురు, అయిదోవాడు హెస్సె. మరి సోషల్ డెమొక్రాట్లు? అన్నేళ్లు బౌహౌస్ వెనక నిలబడ్డవాళ్లు ఆ రోజు ఓటే వేయలేదు. గైర్హాజరు అనలేం, గదిలోనే ఉన్నారు. చెయ్యి ఎత్తలేదు. నాకు ఆ ఇరవై మంది మీద కన్నా వీళ్ల మీదే ఎక్కువ కోపం వస్తుంది.

మీస్ బెర్లిన్‌లో పాడుబడ్డ టెలిఫోన్ ఫ్యాక్టరీ ఒకటి అద్దెకు తీసుకుని కొన్ని నెలలు నడిపాడు. 1933 ఏప్రిల్‌లో పోలీసులు వచ్చి సోదా చేసి తాళం వేశారు. జులైలో గురువులే రద్దు చేసుకున్నారు. బడి కథ అంతటితో అయిపోయింది. పద్నాలుగేళ్లలో మూడు ఊళ్లు, అంతా కలిపి 1250 మంది దాకా చదివి ఉంటారు.

ఇప్పుడు డెసౌకు వెనక్కి వెళ్దాం. భవనం ఖాళీగా ఉంది. కూల్చేస్తామని ఓట్లు అడిగిన పార్టీ అధికారంలో ఉంది. మరి ఎందుకు కూల్చలేదు?

నా ఉద్దేశంలో కారణం చాలా మామూలుది. ఆరేళ్లు నిండని బిల్డింగు. మునిసిపాలిటీ డబ్బు పెట్టి కట్టింది. గదులు పెద్దవి, వెలుతురు ఉంది, హీటింగు ఉంది, క్యాంటీన్ ఉంది. కూల్చడానికి ఖర్చవుతుంది, ఉంచితే పనికొస్తుంది. ద్వేషం మైకు దగ్గర ఉంటుంది, ఫైలు దగ్గరికి వచ్చేసరికి లెక్కలు ఉంటాయి. ముందు ఆడవాళ్లకు ఇంటిపనులు నేర్పే బడి పెట్టారు. తర్వాత నాజీ పార్టీ తన కార్యకర్తలకు శిక్షణ తరగతులు ఇందులోనే నడిపింది. చూడండి, తిట్టిన కప్పు కిందే కూర్చుని పాఠాలు విన్నారు. కొంత భాగం యుంకర్స్ కంపెనీ తీసుకుంది. అప్పటికి ఆ కంపెనీని హూగో యుంకర్స్ చేతిలోంచి నాజీలు లాగేసుకున్నారు కూడా. హిట్లర్ వాస్తుశిల్పి ఆల్బర్ట్ స్పేర్ తాలూకు నిర్మాణ సిబ్బంది కూడా కొన్నాళ్లు ఇందులో కాపురం చేశారు.

1945 మార్చి 7 రాత్రి డెసౌ మీద బాంబులు పడ్డాయి. విమానాల ఫ్యాక్టరీ ఉన్న ఊరు కదా. ఊరి నడిబొడ్డు చాలావరకు నేలమట్టం. ఇక్కడ వర్క్‌షాపుల రెక్క కాలింది, అద్దాల గోడ పోయింది. కాంక్రీటు అస్థిపంజరం నిలబడింది. ఇందాక చెప్పానే, బరువు గోడ మీద లేదు. గోడ పోయినా ఇల్లు పడలేదు. తాత చేసిన మంచిపని అది, ఒప్పుకోవాలి.

యుద్ధం అయ్యాక హెస్సె మళ్లీ మేయర్ అయ్యాడు. పాత విద్యార్థి హుబర్ట్ హోఫ్మన్‌తో కలిసి బౌహౌస్‌ను మళ్లీ తెరవాలని చూశాడు. కుదరలేదు. ఊళ్లో బళ్లన్నీ కూలిపోయాయి, పిల్లలకు కూర్చోవడానికి చోటు కావాలి. దొరికిన ఇటుకలతో గోడ మూసి, చిన్న కిటికీలు పెట్టి తరగతులు నడిపారు. అప్పుడు అక్కడ చదువుకున్న పిల్లలకు అది ప్రపంచ ప్రసిద్ధ భవనం కాదు, వాళ్ల బడి, అంతే. నాకు ఆ ఇటుక గోడ ఫొటో చాలా ఇష్టం. అందంగా ఉందని కాదు. చలికి పిల్లలు వణక్కుండా ఎవరో తాపీ మేస్త్రీ కట్టిన గోడ అది. ఆ ఇరవై ఏళ్ల చరిత్రలో ఆ భవనానికి దొరికిన మొదటి వెచ్చటి గోడ కూడా అదే అయ్యుంటుంది.

1950ల మొదట్లో తూర్పు జర్మనీ ప్రభుత్వం బౌహౌస్‌ను ప్రజలకు పనికిరాని రూపవాదమని, అంటే ఆకారం మీదే మోజని, కొట్టిపారేసింది. ఇదొక విచిత్రం. నాజీలకు ఇది మరీ కమ్యూనిస్టు, కమ్యూనిస్టులకు ఇది మరీ పెట్టుబడిదారీ. అరవైల్లో గాలి మారింది. ప్యానెళ్లతో వేల ఇళ్లు కడుతున్న దేశానికి, ఫ్యాక్టరీలో ఇల్లు తయారుచేయాలని కలగన్న గ్రోపియస్ కాస్త చుట్టంలా కనబడ్డాడు. డెబ్బైల్లో కట్టడాన్ని రక్షిత జాబితాలో చేర్చారు. ఇటుక గోడ తీసి, అల్యూమినియం ఫ్రేములతో మళ్లీ అద్దాలు బిగించి 1976 డిసెంబర్ 4న తెరిచారు. సరిగ్గా యాభై ఏళ్లకు, అదే తేదీన.

జర్మనీ ఒకటయ్యాక 1994లో ఒక ఫౌండేషన్ పెట్టి భవనాన్ని దానికి అప్పగించారు. 1996లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఆ ఏడాదే పెద్ద మరమ్మతు మొదలుపెట్టి 2006 దాకా చేశారు. గోడలు గీకి పాత రంగు పొరలు పట్టుకుని షెపర్ రంగులు తిరిగి వేశారు. 1926లో ఎలా ఉందో అలా చేయాలన్నది లక్ష్యం. మరి 1976 అల్యూమినియం గోడ? అది తీసి స్టీలు పెడితేనే కదా 1926 అయ్యేది. తీయలేదు. అలాగే ఉంచారు. అది కూడా ఈ భవనానికి జరిగిన చరిత్రే అన్నారు.

ఇటుక గోడకు మాత్రం ఆ మర్యాద దక్కలేదు. ఎందుకు దక్కలేదని మీరు అడగాలి.

పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. భవనానికి కాస్త దూరంలో పైన్ చెట్ల మధ్య గురువుల ఇళ్లుండేవి. గ్రోపియస్ ఇల్లు కూడా 1945లో బాంబుకు పోయింది, నేలమాళిగ మిగిలింది. 1956లో ఒకాయన ఆ నేలమాళిగ మీద చక్కగా వాలు పైకప్పుతో మామూలు ఇల్లు కట్టుకున్నాడు. గ్రోపియస్ నెత్తి మీద వాలు కప్పు! (నవ్వులు) దాన్ని ఉంచాలా, తీసేసి గ్రోపియస్ ఇల్లు అచ్చు గుద్దినట్టు కట్టాలా అని ఏళ్లపాటు తగవు. చివరికి ఆ ఇల్లు తీసేసి, పాత ఇంటి ఆకారంలోనే, కానీ వివరాలేవీ లేకుండా, పొగమంచులో కనబడ్డట్టు ఒక కాంక్రీటు ఇల్లు కట్టి 2014లో తెరిచారు. కిటికీలు మసకగా ఉంటాయి. సగం జ్ఞాపకం ఎలా ఉంటుందో అలా. నాకు అది నచ్చింది, నాతో వచ్చిన మిత్రుడికి అస్సలు నచ్చలేదు. రైలెక్కేదాకా వాదించుకున్నాం.

(సభ నుంచి: సార్, మీరైతే అద్దాల గోడను ఏం చేసేవారు?)

మంచి ప్రశ్న. అల్యూమినియం గోడ ఉంచేవాణ్ణే. ఇటుక గోడలో ఒక్క కిటికీ అంత మేరైనా ఉంచమని పోరాడేవాణ్ణి. బహుశా ఓడిపోయేవాణ్ణి. 20–5 అని చెప్పాను కదా, ఇలాంటివాటిలో లెక్కలు ఎప్పుడూ అలాగే ఉంటాయి.

(సభ నుంచి: లోపలికి వెళ్లనిస్తారా సార్?)

వెళ్లనివ్వడం ఏమిటి, పడుకోనిస్తారు. ప్రెల్లర్‌హౌస్ గదులు ఇప్పుడు రాత్రికి అద్దెకిస్తున్నారు. నేను ఒక రాత్రి ఉన్నాను. స్నానాల గది వరండా చివర, అందరికీ కలిపి, మన హాస్టళ్లలాగే. నవంబర్ నెల. పొద్దున్నే ఆ బుల్లి బాల్కనీలోకి వచ్చి నిలబడ్డాను. పై బాల్కనీలో ఎవరో ఒకావిడ, బహుశా టూరిస్టే, కింద ఉన్నవాళ్లకు జర్మన్‌లో ఏదో కేకేసింది. నన్ను కాదనుకోండి. అయినా చెయ్యి ఊపాను. చలికి నిలబడలేక వెంటనే లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

టీ వచ్చినట్టుంది. మిగతా ప్రశ్నలు అక్కడ మాట్లాడుకుందాం.